కత్తిరించిన ఆకు తొడిమె

1988 మార్చిలో రేపల్లెలోని ఒక కళాశాలకు బి.ఎస్సీ. వృక్షశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. తెనాలిలో లెక్చరర్‌గా అప్పటికి నాది పదిహేనేళ్ల సర్వీసు. అంతకు ముందు ఏడాది కూడా అక్కడికి వెళ్లింది నేనే.

ఆ పరీక్షలో కొన్ని నమూనాలను బల్లల మీద వరసగా పెడతాం. వాటిని స్పాటర్లంటారు. విద్యార్థి ఒక్కోదాని ముందు కాసేపు నిలబడి పేరు, లక్షణాలు రాయాలి. నేను మోసుకెళ్లేవాటిలో హాలీ షీటు ఒకటి. ఎండబెట్టి అట్టకు అతికించిన కొమ్మ అది. హాలీ చలిప్రాంతాల చెట్టు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ఆకుల అంచున ముళ్లుంటాయి, చెట్టు పైకి పోయేకొద్దీ అవి తగ్గిపోతాయి. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. ఎర్రటి పండ్లు ఆడ చెట్టుకే. ఇదంతా క్లాసులో గడగడా చెప్పేవాణ్ణి. నేను హాలీని చూసింది మాత్రం క్రిస్మస్ కార్డుల మీదే.

ఏటా అదే షీటు కాబట్టి ముళ్లాకు కనిపిస్తే హాలీ అని రాసేయాలని పిల్లలందరికీ తెలుసు. ఆ రోజు ఒక పేపరులో మాత్రం ‘ఆల్చి, ఉప్పుటేటి ఒడ్డు పొద’ అని ఉంది. సున్నా వేయబోతుంటే ఆ కాలేజీ లెక్చరర్ మెల్లగా చెప్పారు. పోయినేడు కూడా ఈ అమ్మాయి ఇదే రాసిందట. నేను సున్నా వేశానట. ఒక్క మార్కుతో తప్పి, మళ్లీ ఫీజు కట్టి వచ్చిందట.

వైవాకి వచ్చినప్పుడు, కావలసిన జవాబు తెలిసీ ఎందుకు రాయలేదమ్మా అని అడిగాను. సముద్రం పక్కనున్న అడవులదీవి పిల్ల. తల వంచుకునే చెప్పింది.

“మా నాన్న వలలు ఆరేసే చోటంతా ఇదేనండి. రోజూ కాళ్లకి గీరుకునేదాన్ని ఇంకో పేరుతో ఎలా రాయనండి? హాలీకి కణుపుకి ఒక్క ఆకేనని పుస్తకంలో ఉంది సార్. దీనికి రెండండి, ఎదురెదురుగా. రెండోది ఎవరో కోసేశారు. తొడిమె ఉంది చూడండి.”

భూతద్దం పెట్టి చూశాను. షీటు మీద ఆకులు ఒత్తుగా ఉంటే కొన్ని కత్తిరిస్తాం, తొడిమె మాత్రం ఉంచుతాం. ప్రతి కణుపు దగ్గరా ఆకుకు ఎదురుగా చిన్న మొండి తొడిమె ఉంది. కత్తిరించింది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలు ఊటీ టూరులో తెచ్చిన కొమ్మల కట్టా, సముద్రపు ఒడ్డున నిజాంపట్నం టూరులో తెచ్చిన కట్టా కలిసిపోతే, ముళ్లు చూసి హాలీ అని చీటీ రాసి సంతకం పెట్టిందీ నేనే. చాలా సిగ్గేసింది. తప్పు నాదేనని ఆ అమ్మాయితో అన్నాను. “పర్లేదండి” అంది. ఏమైనా అనుంటే బాగుండేదనిపించింది.

ఆమెకు పూర్తి మార్కులు వేశాను. హాలీ అని రాసినవాళ్లకూ తగ్గించలేదు, అలా నేర్పింది మేమే కదా. పోయిన ఏడాదిని మాత్రం తిరిగివ్వలేకపోయాను.

షీటు మీద పాత చీటీ చింపకూడదు. పక్కనే కొత్తది అతికించి, సరిదిద్దినవారి పేరు, తేదీ రాయాలి. పరీక్షలో నంబరే తప్ప పేరు అడగకూడదు గనుక, మార్కుల కవరుకు సీలు వేశాక అడిగాను. కరుణ అని చెప్పింది. నా సంతకం పక్కన ఆ పేరే రాశాను. నేను రిటైరయ్యేవరకు ఆ షీటు మా బీరువాలో అలాగే ఉంది.

ఆకు కోసినా తొడిమె ఉంచాలని పదిహేనేళ్లు పాఠం చెప్పాను. ఎందుకు ఉంచాలో నాకు తెలిసింది ఆ రోజు.