దిగే ముందు చెప్పవలసిన మాట

పోయిన మంగళవారం పొద్దున ఊరి బయటి క్షయ ఆసుపత్రి నుంచి ఒక మనిషి సైకిలు మీద మదనపల్లెలోని మా ఇంటికి వచ్చాడు. నేను వాకిట్లో కూర్చుని పత్రిక చదువుతున్నాను. నేను పత్రిక మడిచేదాకా అతను ఊరకే నిలబడ్డాడు. ఆ తర్వాత చెప్పాడు, మా మేనల్లుడు తెల్లవారుజామున పోయాడని. వాడికి ఇరవై ఏడేళ్ళు.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి వాడు విమానంలో నిద్రపోయిన మనిషిగానే తెలుసు. పుంగనూరు సంతలో ఒక పాలవాడు మా చెల్లెలిని అడిగాడట, "నీ కొడుకు గాల్లో నిద్దరబోయినాడంట గదమ్మా, పరుపు మెత్తంగా ఉండిందా ఆడ?" అని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. వాడు నిద్రపోలేదు. ఏం చేశాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎవరికైనా తగిలితే తగలనీ.

భర్త పోయాక మా చెల్లెలు పుంగనూరులో రెండు ఆవులతో ఉండిపోయింది. కొడుకును చదువు కోసం నా దగ్గర వదిలింది. నేను అప్పుడు బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. వాడు మొన్నటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరి వైర్‌లెస్ నేర్చుకున్నాడు, దానితోపాటు ఒక అలవాటు ఇంటికి తెచ్చాడు. ఏ మాట చెప్పినా తిరిగి ఒప్పజెప్పేవాడు. ఉప్పు తెమ్మంటే "ఉప్పు తెచ్చేది" అంటూ లేచేవాడు. నాకేం చెవుడు లేదురా అని వాళ్ళమ్మ నవ్వేది. "నీకు కాదుమా. నేను సరిగ్గా వినినానా లేదా అని నీకు తెలియాల గదా" అనేవాడు. అంత శ్రద్ధగా వినే మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన విమానాలు కొని కొందరు కంపెనీలు పెట్టారు. అలాంటి ఒకదానిలో, మద్రాసు నుంచి పడమటికి పోయే విమానంలో, వాడికి వైర్‌లెస్ పని దొరికింది. ఆ రోజు ప్రయాణికుల్లో కుప్పం దగ్గరి భూస్వామి ఒకాయన ఉన్నాడు. విమానం కుప్పం మీదికి రాగానే, తన మామిడితోపులు పైనుంచి చూస్తానని లేచి, విమానం నడిపేవాళ్ళ గదిలోకి వెళ్ళాడు. కెప్టెను వద్దనలేదు. తోపులు దాటిపోయాయి, ఆయన మాత్రం కదల్లేదు. తాను చిరుతపులిని కొట్టిన కథ మొదలుపెట్టాడు. కెప్టెనుకు వేట అంటే పిచ్చి. విమానం దిగడం మొదలైనా కథ సాగుతూనే ఉంది.

అప్పుడు కింది మైదానం నుంచి వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. విమానం దిగే బాట మొదట్లో కూలీలు రోలరుతో పని చేస్తున్నారు, ఒక చుట్టు తిరిగి రండి అని. మావాడు దాన్ని కాగితం మీద రాసుకుని వెళ్ళి, భూస్వామి వీపు వెనుక నిలబడ్డాడు. ఒకసారి "సార్" అన్నాడు. కెప్టెను తల తిప్పకుండానే ఆగమని చెయ్యి ఎత్తాడు. వాడు ఆగాడు. పులి ఇంకా చావలేదు.

చక్రం రోలరుకు తగిలింది. విమానంలో ఉన్నవాళ్ళందరూ దెబ్బలతో బతికారు. కింద ఇద్దరు కూలీలు చనిపోయారు.

విచారణలో కెప్టెను తనకు ఏ కబురూ అందలేదన్నాడు. అది నిజమే. భూస్వామి, ఆ కుర్రాడు కునుకుతున్నట్టు కనబడ్డాడని చెప్పాడు. అది అబద్ధం. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. వాణ్ణి అడిగితే "నేను చెప్పలేదు" అన్నాడు, అంతే. ఉద్యోగం పోయింది. ఏడాది తిరక్కుండా దగ్గు పట్టుకుంది.

వాడు ఇంటికి వచ్చిన రోజున, చేతిలో కాగితం పెట్టుకుని ఎందుకు నిలబడ్డావని నేను కోపంగా అడిగాను.

"చెప్పాలనే నిలబడినా మామా. పెద్దోళ్ళు మాట్లాడతా ఉండారు."

ఆ బుద్ధి వాడికి ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంట్లో నేను నలుగురికి ఏదో పుస్తకం గురించి చెబుతున్నాను. వాడు వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా మాటలన్నీ అయ్యాక, "మామా, నీ కాలికాడ తేలుండాది" అన్నాడు. తేలును చంపాం. పెంపకమంటే ఇదీ అని ఆ కథను నేను ఏళ్ళ తరబడి చెప్పుకు తిరిగాను. విన్న ప్రతివాడూ మెచ్చుకున్నాడు. అలా మెచ్చుకున్నవాళ్ళే ఇవాళ వాణ్ణి మూగమొద్దు అంటున్నారు.

ఆసుపత్రి మంచం మీద నుంచి వాడు కంపెనీకి ఒక ఉత్తరం రాశాడు. విమానం దిగడం మొదలైనప్పటి నుంచి చక్రాలు ఆగేదాకా విమానం నడిపేవాళ్ళ గది తలుపు మూసి ఉండాలి. పని మాట తప్ప మరో మాట ఉండకూడదు. తప్పు కనబడితే అందరికన్నా చిన్నవాడు అందరికన్నా పెద్దవాణ్ణి ఆపవచ్చు, ఆపినందుకు శిక్ష ఉండకూడదు. అంతే ఉత్తరం. యాభై ఏళ్ళుగా పుస్తకాలు చదువుతున్నాను, ఇంత పనికొచ్చే పేజీలు కొన్నే చూశాను. జవాబు రాలేదు.

పుంగనూరులో వాణ్ణి సమాధి చేసిన రోజు భూస్వామి కారులో వచ్చాడు. "పిల్లోడు మంచోడే, రోంత మెతక" అన్నాడు. మా చెల్లెలు కళ్ళు తుడుచుకోకుండానే, "మెతకోడు గాబట్టే నీ పులి కతంతా నిలబడి వినినాడు సామీ" అంది. ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. ఆయన విషయంలో నేను చేర్చవలసింది లేదు. నా సంగతే మిగిలింది.

పోయిన నెల నేను ప్రభుత్వానికి ఒక అర్జీ రాసి, ఆసుపత్రికి తీసుకుపోయి, వాడి మంచం పక్కన కూర్చుని చదివాను. పన్నెండు పేజీలు. భూస్వామిని, కెప్టెనును, విచారణ చేసిన అధికారిని, ఒక్కరిని కూడా వదల్లేదు. నేను రాసిన వాటిలో మంచి ఇంగ్లీషు అది. ఆరో పేజీలో ఉండగా వాడు చెయ్యి చాపి కాగితాల మీద పెట్టాడు. ఊహ తెలిశాక వాడు నా మాటకు అడ్డు రావడం అదే మొదలు.

"నిలుపు మామా. సచ్చిపోయినోళ్ళ పేర్లు యాడ రాసినావు?"

నేను పేజీలు ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను. వాళ్ళు ఒకే ఒక్క చోట ఉన్నారు, ఇద్దరు కూలీలు అని. పేర్లు నేను కనుక్కోలేదు. కనుక్కోవాలని నాకు తోచనే లేదు. పక్క మంచం మీది మనిషి మా వైపు తిరిగి పడుకున్నాడు. కిటికీ అవతల ఎవరో నీళ్ళు తోడుతున్నారు. వాడు దగ్గు ఆపుకుంటూ, తల కొంచెం పక్కకు వంచి, ఎంతో దూరం నుంచి రావలసిన కబురు కోసం కాచుకున్నట్టు, నా నోటి వైపే చూస్తూ ఉన్నాడు.