ఎడమ చెవికి పసుపు

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది నేను కాకినాడ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో, మందుల పరీక్షలకు జంతువుల్ని పెంచే యానిమల్ హౌస్‌లో అటెండరుగా ఉన్నాను. కాలేజీ బస్సు నడిపే మా ఆయన పోయాక నాకిచ్చిన ఉద్యోగం అది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

ఆ ఏడాది రమ్య అని పీజీ చదివే అమ్మాయి మొటిమలకు క్రీము తయారుచేసింది. అలాంటివి మనిషి మొహానికి పూసేముందు కుందేలు చెవి లోపలివైపు పరీక్షిస్తారు. ముందు రెండు చెవులకూ రోజూ నూనెలాంటిది రాస్తే గింజలు లేస్తాయి. తర్వాత కుడి చెవికి క్రీము రాస్తారు. ఎడమ చెవికి ఏమీ రాయరు, పోల్చి చూడ్డానికి. ఎన్ని కుందేళ్లు వాడాలో జంతువుల పరీక్షలు చూసే కమిటీ ముందే అనుమతిస్తుంది. రమ్యకు ఆరింటికే ఇచ్చింది. పని చెడితే ఊరికే ఇంకోటి తెచ్చుకోవడం కుదరదు. రమ్య డిగ్రీ మొత్తం ఆ ఆరు కుందేళ్ల చెవుల మీద ఉంది.

ఇక మా అత్త. చేపలమ్మే మనిషి. ముల్లు గుచ్చుకుంటే అద్దుకోవడానికి కొంగున పసుపు పొట్లం లేనిదే గడప దాటదు. ఒకరోజు నేను మరిచిపోయిన క్యారేజీ పట్టుకొచ్చింది. నేను వెనకాల నీళ్ల గిన్నెలు కడిగి వచ్చేసరికి ఆరు కుందేళ్లూ ఎడమ చెవులకు పసుపు రాయించుకుని పెళ్లికూతుళ్లలా కూర్చున్నాయి.

ఇదేం పనత్తా అంటే, "కుడిచెవులు నున్నగానే ఉన్నాయే. ఎడంచెవుల్నే ఎవరూ పట్టించుకోలేదు, పాపం. ఆడపిల్లకి మొహాన లేస్తే పసుపు రాయమా ఏంటి?" అంది.

ఆ క్రీము పనిచేస్తోందని మొట్టమొదట చెప్పింది మా అత్తే.

రమ్య వచ్చి ఒక్కో చెవీ తిప్పి చూసింది. మెల్లగా అడిగింది. "తుడిచేస్తే పోతుంది కదా ఆంటీ. మా గైడ్ సార్‌కి చెప్పకపోతేనో?"

"నేను చెప్పకపోయినా, సాయంత్రానికి మా అత్త చేపల బజారంతా చెప్పేస్తుంది తల్లీ," అన్నాను.

ఇద్దరం వెళ్లి చెప్పాం. సార్ కేకలెయ్యలేదు. మా అత్త ఇంకా లోపలే ఉందా అని మాత్రం కంగారుగా అడిగారు. ఆ పరీక్ష కొట్టేసి, కమిటీకి మళ్లీ దరఖాస్తు పెట్టించారు. రమ్యకు నెలలు పోయాయి, నాతో మాటలూ తగ్గాయి. రెండోసారి పరీక్ష సరిగ్గా జరిగి డిగ్రీ వచ్చాకే నవ్వింది. అప్పటికి మా అత్త క్యారేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌కే ఇచ్చి పోవాలని రూలు వచ్చేసింది. కుందేళ్లు తన కోసం బెంగపెట్టుకున్నాయని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. మందు రాసే చెవిని అందరూ కనిపెట్టుకునే ఉంటారు. తాళం వెయ్యాల్సింది ఏమీ రాయకూడని చెవికి.