దేవరకొండంత దూరం

మా మేనమామ చనిపోయి పన్నెండు రోజులైంది. నల్గొండలో, తన ఇంట్లో, పగలు పదకొండున్నరకు. ఆ సమయానికి నేను బొంబాయి విమానాశ్రయంలో బెల్టు తీసి ట్రేలో పెట్టి వరుసలో నిలబడి ఉన్నాను.

మామ బస్సు కండక్టర్. ఉద్యోగమంతా ఎక్కువగా నల్గొండ, దేవరకొండ మధ్యనే తిరిగాడు. నాకు నాయిన లేడు. పదో తరగతి దాకా మామ ఇంట్లోనే చదివాను. ఆయన జేబులో చిన్న డైరీ ఉండేది. ప్రతి ట్రిప్పుకు బయలుదేరిన టైం 'పోక' కింద, చేరిన టైం 'రాక' కింద, పట్టినసేపు ఆ పక్కన రాసేవాడు. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. పాలాయన ఆలస్యంగా వస్తే అదీ రాసేవాడు. "నా సైకిలేమన్న నీ బస్సా సారూ" అని పాలాయన నవ్వేవాడు.

బొంబాయిలో బట్టల గోదాములో నా నౌకరి. ఎప్పుడూ రైల్లోనే వచ్చిపోయేవాణ్ణి. మూడేళ్ల కింద గోదాము పని మీద ఒక్కసారి హైదరాబాద్‌కు విమానంలో పంపారు. మరునాడు నల్గొండ పోతే, ఎంత దూరం, ఎంతసేపు అని మామ అడిగాడు. ఆరు వందల కిలోమీటర్ల పైన, గంటన్నర అన్నాను. కొంచెం గొప్పకే అన్నాను. ఆయన డైరీలో రాసుకున్నాడు.

"గంటన్నరంటే దేవరకొండ ట్రిప్పే గదరా అల్లుడా. నువ్వు బొంబాయిల లేవు, దేవరకొండల ఉన్నవ్."

ఆయనకు తెలిసిన బస్సుకు స్టాండులో బోర్డు మీది టైమే మొత్తం టైం. విమానానికి ముందూ వెనకా ఎంత పడుతుందో నేను చెప్పాల్సింది. ఆయన నిమ్మళం చూసి చెప్పలేదు.

ఈసారి జబ్బు పడ్డాక అత్త రోజూ నాకు ఫోన్ చేస్తానందట. ఆయన వద్దన్నాడట. "ఊకె వాని నౌకరి చెడగొట్టకు. ఆఖర్కి పిలుద్దాం. గంటన్నరల వస్తడు."

ఆ పొద్దున తనే "ఇగ చెయ్యి" అన్నాడట. ఫోన్ ఎనిమిదీ పదికి వచ్చింది. నా గది నుంచి విమానాశ్రయానికి రెండు గంటలు. దొరికిన టికెట్ ఒంటి గంటకు. దిగాక శంషాబాద్ నుంచి నల్గొండకు రెండు బస్సులు.

మామ గోడ గడియారం చూస్తూ పడుకున్నాడు. తొమ్మిదీ నలభైకి "దిగిండా?" అని అడిగాడు. వస్తున్నడు అన్నది అత్త. పదిన్నరకు "లేటైంది" అన్నాడు. ఆ తర్వాత అడగలేదు.

పదో రోజు కర్మ అయ్యాక అత్త డైరీ తెచ్చి నా ముందు పెట్టింది. చివరి వరుస ఆయన చెప్తుంటే ఆమె రాసింది, వంకర అక్షరాలతో. బొంబాయి. పోక 8.10. రాక ఖాళీ.

"ఆయన ఎన్నడు ఖాళీ ఇడువలే" అని పెన్ను ఇచ్చింది.

ఆ సాయంత్రం నేను ఇల్లు చేరిన టైం, 6.20 అని రాశాను. వెనక్కి తిప్పితే, నౌకరి రోజుల పేజీల నిండా ఆయన చేతిరాత. నల్గొండ, దేవరకొండ, గంటన్నర. దేవరకొండ, నల్గొండ, గంటన్నర.