అంగి చాటున పరీక్ష

ఎండలో బతికే ఆడవాళ్ల మీద ఒక ముఖపు క్రీమును నీడలో పరీక్షించి, హాని లేదని రాసుకున్నారు. రిటైరయ్యాక కూడా నా కోపం చల్లారలేదు.

కొన్నేళ్ల కిందట, పత్తి ఏరే రోజుల్లో, చర్మ పరీక్షలు చేసే ఒక ప్రైవేటు సంస్థ నన్ను ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా నారాయణఖేడ్ పంపింది. నాకు డిగ్రీ లేదు. పుస్తకాలు కొనుక్కొని చదివి ఈ పని నేర్చుకున్నవాణ్ని. బస్ డిపో వెనక ఒక గది తీసుకున్నాం. క్రీములో బావంచి గింజల సారం ఉంది. ముడతలు తగ్గిస్తుందన్న పేరు దానికి ఊరికే రాలేదు. కానీ శుద్ధి సరిగా జరగకపోతే గింజలోని మరో పదార్థం అందులో మిగిలిపోతుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి.

మా పద్ధతి ప్యాచ్ టెస్ట్. క్రీము కొద్దిగా ముంజేతికి పెట్టి, పట్టీ వేసి, రెండు రోజులాగి విప్పి చూడటం. చర్మం ఎర్రబడకపోతే పాస్. ఆ తర్వాతే ముఖానికి. వెలుతురు కూడా తగిలించి చూసే పరీక్ష వేరే ఉందని మా మేనేజర్‌కు మొదటే చెప్పాను. ఒప్పందంలో లేదన్నాడు.

పరీక్షకు పక్కనున్న కంగ్టి నుంచి వచ్చిన పత్తి కూలీలు దాదాపు అందరూ పాసయ్యారు. ఎందుకు కారు? ఇక్కడ పత్తి ఏరే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత నిండుచేతుల అంగి తొడుక్కుంటారు. పట్టీ విప్పాక కూడా ఆ చేతులకు ఎండ తగల్లేదు.

సాయవ్వ ఒక్కతే దురద పుడుతోందని చేనులోనే పట్టీ పీకేసి, అంగి చెయ్యి పైకి మడిచి, పొద్దుగూకేదాకా ఏరింది. తర్వాత పట్టీ ఉన్నచోట చదరంగా బొబ్బ లేచింది. నియమం తప్పిందని మేనేజర్ ఆమెను తిట్టి, పేరు కొట్టేయమన్నాడు. అప్పటికే ముఖపు క్రీము డబ్బాల కోసం మిగతావాళ్లు వాకిట్లో వరుస కట్టారు.

"నన్నేమో తిడుతుండు గని, రేపు మొకానికి ఏ అంగి తొడగాలె సారూ?" అంది సాయవ్వ నాతో.

"నీ మొగుని లాగు తొడుగు!" అంది వరుసలోంచి ఆమె తోటికోడలు. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. డబ్బాల పెట్టెకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఉద్యోగం ఊడుతుందని మేనేజర్ అరిచాడు. తాళంచెవి ఇవ్వలేదు. ఆడవాళ్లను ఇళ్లకు పంపేసి, సాయవ్వను దవాఖానకు తీసుకెళ్లాను.

మనిషి బతికే తీరులో పరీక్షించనిది పరీక్షే కాదు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది అదే. వెలుతురు పరీక్ష కూడా చేయించమని క్రీము కంపెనీకి రాశాను, మళ్లీ మళ్లీ రాశాను. చివరికి జవాబు వచ్చింది:

"ఎండలో పనిచేసేవారు మా కొనుగోలుదారులు కారు."