మోగుతూ ఉండిపోయిన ఫోన్లు

ఆఫీసులో ఆమెను వెనకాల సైరనమ్మ అంటారు, ఎదురుగా మేడమ్. రెండింటికీ పలుకుతుంది.

వరదల కంట్రోల్ రూమ్‌లో ఫోనెత్తే ఉద్యోగంతో చేరింది. రాష్ట్ర విపత్తు సన్నద్ధత విభాగానికి అధిపతి అయ్యేసరికి జుట్టు నెరిసింది. ఏ గదిలోకి వెళ్లినా ముందు తలుపు చూస్తుంది.

"మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు కూడా మావాడి మొహం చూడలేదు. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసింది" అంటుంది అత్తగారు.

"తలుపు బాగుంది కాబట్టే ఉండిపోయా అత్తయ్యా."

ఆమె రాకముందు విపత్తు డ్రిల్ తేదీ అందరికీ తెలిసేది. ముందురోజే పడవల ఇంజన్లు బాగుచేసి, బూట్లు తుడుచుకుని కూర్చునేవారు. ఆమె తేదీ చెప్పడం మానేసింది. "గోడ కూలేముందు కబురు పెడుతుందా?" అంది.

ఒక ఉదయం డ్రిల్ సైరన్ మోగగానే భవనం మొత్తం చకచకా ఖాళీ అయింది. శాఖ కార్యదర్శి మొహం వెలిగిపోయింది. ఆమె మాత్రం జనంలో కంట్రోల్ రూమ్ ఆపరేటర్లను చూసింది. తల పైకెత్తింది. పైన కంట్రోల్ రూమ్ కిటికీలోంచి ఫోన్ల మోత వినిపిస్తోంది.

"మీరే కదా మేడమ్, ఎవరూ మిగలకుండా దిగాలన్నారు?" అంది ఒక ఆపరేటర్.

"నేనే అన్నాను."

మెట్లెక్కి వెళ్లి ఫోనెత్తింది.

"కరెంటు తీగ తెగి రోడ్డు మీద పడింది. ఇంతసేపూ అందరూ చచ్చారా?" అన్నాడు అవతలి మనిషి.

"బతకడం ప్రాక్టీసు చేస్తున్నామండి. వీధి చెప్పండి."

డ్రిల్ మీద మంత్రి పెట్టిన సమీక్షకు ఆమె వెళ్తుంటే కార్యదర్శి పక్కకు పిలిచాడు. "అంతా సవ్యంగా జరిగిందని ఒక్క ముక్క చెప్పండి. మీ కుర్చీకి ఢోకా లేదు."

లోపల ఆమె ఒక్క ముక్కే చెప్పింది. "మనం సిద్ధంగా లేం."

తర్వాత కారణం చెప్పింది. నియమం తనదే, తప్పూ తనదే. కాల్స్ సెల్‌ఫోన్లకు మళ్లించాలి. ఆపరేటర్లతో పాటు అవీ కిందికి దిగాలి.

"ఈ మాట బయటికి పొక్కితే?" అన్నాడు మంత్రి.

"పొక్కనివ్వండి సార్. అప్పుడైనా పని జరుగుతుంది."

మర్నాడే బదిలీ ఆర్డరు వచ్చింది. ఊరి చివర పడవల గోదాముకు. వెంటనే బాధ్యతలు అప్పగించమన్నాడు కార్యదర్శి.

"ఫోన్లు కిందికి దిగేదాకా నేను దిగను" అంది.

బెదిరించాడు, బతిమాలాడు. ఆమె కుర్చీలోంచి కదల్లేదు. ఆమెను పంపించాలంటే ఆ పని చేయించడం తప్ప ఆయనకు దారి లేకపోయింది.

వెళ్లే రోజు సైరన్ మోగించి, సంచీ భుజాన వేసుకుని దిగింది. గేటు దగ్గర నిలబడి కంట్రోల్ రూమ్ నంబరు నొక్కింది. ఆవరణలో నిలబడ్డ ఆపరేటర్ సెల్‌ఫోన్ ఎత్తింది.

"కంట్రోల్ రూమ్. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

"గేటు దగ్గర్నుంచి."

"మేడమ్? మీకు ట్రాన్స్‌ఫర్ అయింది కదా."

"అయితే ఎత్తవా?"

"ఎత్తాను కదా."

"అదీ" అని పెట్టేసింది.

గోదాముకు చేరగానే తలుపు చూసింది. తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కాపలాదారుకు తెలియదు. లోపల వరద పడవలు.

"ఇక్కడ సైరన్ ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా."

ఆమె సంచీ కింద పెట్టింది.

"పెట్టిద్దాం."