తట్టకు వెయ్యని చెయ్యి

మా మేనత్త పోయిందని శ్రీకాకుళంలో నేనుండే హాస్టలుకు వచ్చి చెప్పినవాడు మా ఊరి బండి తోలే అతను. "మీ అత్త పోనాది. మద్దేనానికి తీసేస్తారు" అన్నాడు. నేను అడగకుండానే, "ఎలి ఎత్తేసినార్లే. ఊరంతా వస్తాది" అని కూడా అన్నాడు. వెలి ఎత్తేయించుకోవడానికి ఆమె చావవలసి వచ్చింది.

మాది శ్రీకూర్మానికి అవతల సముద్రపు ఒడ్డు. పొద్దున్నే ఆడవాళ్ళు చేపల తట్టలతో వరసగా పై ఊళ్ళకు నడుస్తారు. నిండు తట్ట ఒక్క మనిషికి నెత్తికెక్కదు. ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. మావయ్య సముద్రంలో పోయాక, పిల్లలు లేని అత్తకు ఆ వరసే సంసారం. ముందు నడుస్తూ అందరినీ నవ్వించేది. "నవ్వుతా నడిస్తే తట్ట సగం బరువే" అనేది.

పి.యు.సి. పుస్తకాల్లో లేని మాటలు ఆమె దగ్గర ఉండేవి. మబ్బుకొకటి, అలకొకటి. నేను రాసుకుంటుంటే, "నా మాటలు కాయితం మీదేసి ఏటి సేస్తావే? ఎండబెడతావా?" అనేది.

కిందటేడు కులపెద్ద ఒకామెను ఎదురు మాట్లాడిందని వెలేశాడు. ఒడ్డున తట్ట ముందు ఆమె ఏడుస్తూ నిలబడితే అత్త వెళ్ళి చెయ్యి వేసింది. ఆ సాయంత్రమే తీర్పు వచ్చింది.

"ఎలేసినదాని తట్టకి సెయ్యేసినావు. ఇకనించి నీ తట్టకి ఎవులూ సెయ్యెయ్యరు. నీతో మాటాడరు."

"తట్ట బరువుకి ఎలి ఏటి మావా?" అంది అత్త.

మొదటామె కులపెద్ద కాళ్ళు పట్టుకుని మళ్ళీ వరసలో కలిసింది. మా అత్త పట్టుకోలేదు. ఆ తర్వాత అత్త ఎదురైతే ఆమె కూడా సముద్రం వైపు చూసేది. "పోనీలే, పిల్లలున్నది" అనేది అత్త, ఎవరూ వినకపోయినా.

అత్త ఎప్పుడూ ఒంటరిగా తినలేదు. గంజిముంత పట్టుకుని ఎవరి అరుగు మీదికో పోయేది. అరుగులన్నీ మూతపడ్డాక ఉట్టి మీంచి ముంత దించకుండానే గంజి పులిసిపోయేది. రాళ్ళలాంటి భుజాలు మూడు నెలల్లో జారిపోయాయి. పట్నంలో డాక్టరు గుండె చూసి, కళ్ళు చూసి, రోగమేమీ లేదు, బాగా తినమన్నాడు. "మాట ఉప్పులాటిది డాట్రుబాబూ. అది నేకపోతే కూడు దిగదు" అందట.

దసరా సెలవుల్లో ఒడ్డున నిండు తట్ట ముందు నిలబడి నన్ను చూసింది. "ఒసే కోడలా, సెయ్యెయ్యే" అంది. ఊరంతా చూస్తోంది. వల దగ్గర మా నాన్న నిలబడి ఉన్నాడు. "దాంతో మాటాడితే రేపు నాకు వలకాడ సోటుండదు" అని ముందే చెప్పి ఉన్నాడు. చెల్లెలి ముఖం కేసి ఆయనా చూడలేదు. నేను కొత్త చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాను.

"ఎల్లు. సెప్పులు తడిసిపోతాయి" అంది అత్త.

వెనకనుంచి ఎవరో, "గాలిని సెయ్యెయ్యమనవే" అన్నారు. కొందరు నవ్వారు. ఆమె నేర్పిన నవ్వే.

మర్నాటి నుంచి విరిగిన తెప్ప దుంగలు మోసి, ఒకదాని మీద ఒకటి నడుమెత్తు పేర్చుకుంది. తట్ట సగమే నింపి, దుంగల మీద పెట్టి, అంచుకు లాగి, కింద కూర్చుని, తల దూర్చి లేచేది. రెండుసార్లు పడిందట. వరస వెళ్ళిపోయాక, చాలా వెనక, ఒక్కర్తీ నడిచేది.

నేను చేరేసరికి పాడె లేచింది. నలుగురు ఎత్తారు, ఇంకో పదిమంది మార్చుకోవడానికి వెంట నడిచారు. అంత తేలిక మనిషికి అన్ని చేతులు. దేంతో పోయిందని అడిగితే "మనేద. దిగులుతో పోనాది" అన్నాడు కులపెద్ద. మా నాన్న ఇసకలో కూలబడి ఏడ్చాడు. చదువరులారా, ఆయన్ను నేను ఓదార్చలేదు. నా చేతులూ ఆయన చేతుల్లాంటివే.

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళాను. ఆడవాళ్ళు ఒకరికొకరు తట్టలు ఎత్తుకుని, దుంగల పక్కనుంచి నడిచిపోయారు. పై దుంగ మీద తట్ట అడుగు ఒరుసుకున్న గుండ్రటి గుర్తుంది. అందులో ఎండిన చేప పొలుసులు రెండు మూడు, ఎండ పడి మెరుస్తున్నాయి.