మురళిగారి బండిలో పైపు ముక్క

2007. ఎండలు ముదురుతున్న రోజులు. జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు వెళ్లే రోడ్డు పక్కన నా మెకానిక్ షెడ్డు. తొంభైల్లో ఆ షెడ్డు తెరిచినప్పుడు ఊళ్లో తిరిగేవన్నీ మోపెడ్లు, స్కూటర్లు, వంద సీసీ బళ్లు. సీసీ అంటే ఇంజిన్ లోపలి గదిలో గాలీ పెట్రోలూ కలిసి ఎంత పడతాయో చెప్పే కొలత. తర్వాత పదేళ్లకి ట్యాంకు ఉబ్బిపోయి, ముందుకు వంగి కూర్చునే స్పోర్ట్స్ బళ్లు వచ్చాయి. రెండొందల సీసీ దాటినవి. మా ఊరి రోడ్లు మాత్రం పాతవే. హైవే కూడా మా దగ్గర అప్పటికి రెండు లైన్లే, దాని మీద రాత్రనక పగలనక సిమెంటు లారీలు.

నాకు సహజంగానే భయం ఎక్కువ. మెకానిక్‌కి భయమేమిటని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఇన్నేళ్లుగా నా షెడ్డుకి ఆటోల్లో ఎక్కించి తెచ్చిన బళ్లను చూసినవాడికి భయం లేకపోతే వింత గానీ, ఉంటే వింతేముంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు ఎటు వంగిందో చూస్తే మనిషి ఎటు పడ్డాడో తెలిసిపోతుంది. ఆ పైన అడగబుద్ధి కాదు.

మురళిగారు నందిగామలో ఇనప సామాన్ల వ్యాపారి. ముప్పై అయిదేళ్లుంటాయి. జగ్గయ్యపేట ఆయనకి అత్తవారి ఊరు. ఇక్కడ కూడా ఒక కొట్టు తెరిచారు కాబట్టి వారంలో నాలుగు రోజులు హైవే మీద ఇటూ అటూ తిరుగుతుండేవారు. పెళ్లికి ముందూ తర్వాతా ఆయన నడిపింది మోపెడ్ ఒక్కటే. కాలేజీ రోజుల నుంచీ పెద్ద బండి మీద మోజు. వాళ్ల నాన్నగారు ఉన్నన్నాళ్లూ కుదరనివ్వలేదు. ఆయన పోయిన ఏడాదికి మురళిగారు ఏకంగా ఎర్ర స్పోర్ట్స్ బండి కొన్నారు. మధ్యలో గేర్ల బండి ఒకటి నడిపి నేర్చుకోవాలన్న ఆలోచన ఆయనకీ రాలేదు, అమ్మినవాళ్లూ చెప్పలేదు.

ఆ బండి ఒక ఉదయం నా దగ్గరికి వచ్చింది. కంప్లయింట్ ఏమిటంటే పికప్ లేదు. షోరూం వాళ్లు రెండుసార్లు చూసి అంతా బాగానే ఉందన్నారట. స్నేహితులేమో ఈ బండి గాల్లో ఎగరాలి, నీదెందుకిలా ఉందని నవ్వుతున్నారట.

"అరవై దాకా బ్రహ్మాండంగా లాగుద్దండి మేస్త్రీ గారూ. ఆ పైన ఎంత రైజ్ ఇచ్చినా కదలదు. లారీని దాటుదామని పక్కకి తీస్తే సగంలో ఉండిపోతున్నా," అన్నారాయన.

నవ్వుతూనే చెప్పారు. లారీ పక్కన సగంలో ఉండిపోవడమంటే ఏమిటో ఆయనకి తెలియదని ఆ నవ్వులోనే అర్థమైంది. బండి వదిలేసి వెళ్లమన్నాను. సాయంత్రం కొట్టు కట్టేశాక వస్తానని వెళ్లారు.

రోగం ఏమిటో చూడాలంటే ట్రయల్ కొట్టక తప్పదు. చిల్లకల్లు దాకా బండి సాఫీగా వచ్చింది. హైవే ఎక్కి నందిగామ వైపు తిప్పాను. ముందు సిమెంటు లారీ. ఎదర రోడ్డు ఖాళీగా కనబడింది. బండి పక్కకి తీసి యాక్సిలరేటర్ తిప్పాను. మొదట్లో ఎంత జోరుగా అందుకుందంటే, ఇందులో రోగమేముందని కూడా అనుకున్నాను. లారీ మధ్య చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఆ జోరు చచ్చిపోయింది. చెయ్యి పూర్తిగా తిరిగిపోయింది, ఇంక తిప్పడానికి లేదు. బండి ముందుకీ పోదు, లారీ నన్ను వదలదు. ఎదర మలుపులోంచి బస్సు వచ్చింది.

బ్రేకు మీద కాలేసి లారీ వెనక్కి ఎలా దూరానో నాకే తెలియదు. బస్సు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. డ్రైవరు తిట్టే ఉంటాడు, నాకేమీ వినబడలేదు. నవాబుపేట దగ్గర బండి పక్కకి ఆపి, ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. ఆ మలుపు, ఆ లారీలు, ఈ బండి. మురళిగారు దీని మీద వారంలో నాలుగు రోజులు పోతున్నారు. అన్నాళ్లు ఆయన బతికి ఉండటమే నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

షెడ్డుకొచ్చి కార్బొరేటర్ విప్పాను. ఇంజిన్‌కి కావలసినంత గాలీ పెట్రోలూ కలిపి పంపే భాగం అది. దాని లోపల స్లైడ్ అని ఒకటుంటుంది. మనం చేత్తో రైజ్ ఇచ్చినకొద్దీ ఇంజిన్ పీల్చే గాలికి ఆ స్లైడ్ పైకి లేస్తుంది, దారి పెద్దదవుతుంది, బండికి బలం వస్తుంది. మూత తీసి స్ప్రింగ్ బయటికి లాగితే, దాని మధ్యలో ఉండకూడని వస్తువు ఒకటి ఉంది. వేలెడంత కూడా లేని అల్యూమినియం పైపు ముక్క. స్లైడ్ సగం లేవగానే ఆ ముక్కకి తగిలి ఆగిపోతోంది. అది పొరపాటున పడింది కాదు. కొలిచి కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రాసి పెట్టారు. పని తెలిసినవాడు శ్రద్ధగా చేసిన పని.

తీసి పక్కన పెట్టాను. మూత బిగిస్తే బండి కంపెనీ నుంచి వచ్చినట్టే అయిపోతుంది. అయిదు నిమిషాల పని. ఇంతలో షెడ్డు ముందు ఒక రిక్షా ఆగింది. ఒకావిడ దిగి, నేలమీద గుడ్డలో ఉన్న విడి భాగాలనూ నన్నూ మార్చి మార్చి చూశారు. మురళిగారి భార్య పద్మజగారు. పుట్టింటికి వచ్చి ఉన్నారట. బండి నా దగ్గర ఇచ్చానని ఆయన భోజనానికి వచ్చినప్పుడు చెప్పారట.

"అది తియ్యొద్దు అన్నయ్యగారూ. నేనే పెట్టించా," అన్నారు.

స్టూలు వేసి కూర్చోమన్నాను. ఆవిడ మెల్లగా సంగతంతా చెప్పారు. బండి కొన్నరోజు పెనుగంచిప్రోలు గుడి దగ్గర పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. షోరూం వాళ్లు పంపిన మనిషి, కొత్త కదండీ, నేను కదిలిస్తాను అన్నాడట. యజమాని చేత్తోనే కదలాలి, వెనక ఇల్లాలు కూర్చోవాలి అని పెద్దవాళ్లు పట్టుబట్టారు. మోపెడ్‌కి అలవాటుపడ్డ చెయ్యి రైజ్ ఇచ్చి క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. నిమ్మకాయల సంగతి అటుంచి, బండి ముందు చక్రం లేచి కొబ్బరికాయల బుట్టల్లోకి దూకింది. ఆవిడ వెల్లకిలా పడ్డారు. నలుగురూ నవ్వారు, దిష్టి పోయిందన్నారు. ఆవిడకి ఆ రోజు నుంచీ నిద్ర లేదు.

మొదటి సర్వీసుకి ముందు, భర్తకి తెలియకుండా నందిగామలో ఒక మెకానిక్‌ని పట్టుకుని, దీని జోరు తగ్గించే దారి చూడమని బతిమాలారు. ఆ మెకానిక్ ఈ పైపు ముక్క పెట్టి ఇచ్చాడు. కొత్త బండిని మొదట్లో నెమ్మదిగానే నడపాలంటారు కాబట్టి, అసలు బలమెంతో మురళిగారు ఏనాడూ చూడలేదు. బండి ఇంతేనేమో అనుకున్నారు.

ఆవిడ ఆలోచనలో తప్పు లేదు. కొత్త మనిషికి బలం తక్కువ బండే మేలు. అయితే నేను గంట క్రితమే ఆ లారీ పక్కన ఉండి వచ్చాను. బండి బలహీనమైతే ఫర్వాలేదమ్మా, బలహీనమని నడిపేవాడికి తెలియాలి అన్నాను. అరవై దాకా ఆశ పెట్టి, సరిగ్గా అవసరమైనచోట చెయ్యి వదిలేస్తోంది. వంద సీసీ బండి మీద ఉన్నవాడు ఆ లారీని దాటడానికి అసలు చూడనే చూడడు. లారీ పక్కన నాకేం జరిగిందో కూడా చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఉంచితే ప్రమాదం అంటున్నారు. తీస్తే ఏమవుద్దో నేను కళ్లారా చూశా. మరి నన్నేం చెయ్యమంటారు?"

దారి ఒక్కటే, ఆయనకి చెప్పాలి అన్నాను. చెబితే ఊరుకోరు, పంతానికి ఇంకా జోరుగా నడుపుతారని ఆవిడ భయం. పోనీ మీరే చెప్పండి అన్నారు. నేను ఒప్పుకోలేదు. మొగుడూ పెళ్లాల మధ్య దాచిన మాట మెకానిక్ నోట వినడం ఎవరికీ బాగుండదు. సాయంత్రం దాకా ఆవిడ అక్కడే కూర్చున్నారు. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు.

మురళిగారు వచ్చాక ఆవిడే చెప్పారు. తల వంచుకుని, పైపు ముక్క అరచేతిలో పెట్టుకుని చూపించారు. నేను రెంచీలు తుడుస్తున్నట్టు అటు తిరిగాను. కేకలు వినబడతాయనుకున్నాను. తిరిగి చూస్తే ఆయన నా స్టూలు మీద కూర్చుని తన కుడిచేతి వంక చూసుకుంటున్నారు.

"నా చెయ్యే సరిగ్గా లేదనుకున్నానండి. అందుకని అలవాటు మార్చుకున్నా. ముందే మొత్తం తిప్పేసి, అప్పుడు బండి పక్కకి తీస్తున్నా."

మధ్యాహ్నం ఈవిడ రాకపోయి ఉంటే నేనేం చేసేవాణ్ణి? ముక్క తీసేసి, మూత బిగించి, తాళం చేతిలో పెట్టి, పోండి బాబూ, ఇంక చూసుకోనక్కర్లేదు అని పంపేవాణ్ణి. సగం బండికి అలవాటుపడ్డ చెయ్యి పూర్తి బండిని మొత్తం తిప్పి లారీ పక్కకి తీసేది. పూజ రోజు జరిగింది కొబ్బరి బుట్టల మధ్య. ఇది జరిగేది హైవే మీద. ఆ రోజు నేను పడిన భయాలన్నిటిలో ఇదే పెద్దది.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు, భార్య వైపు చూడకుండా. పోయిన వారం నవాబుపేట మలుపులో ఒక లారీ పక్కన ఇలాగే ఉండిపోతే, ఎదర వచ్చిన ట్రాక్టరు మట్టిలోకి దిగి తప్పించిందట. బండి మీద ఆయన ఒక్కరే లేరు. రెండో క్లాసు చదివే కూతురు వెనక నడుం పట్టుకుని కూర్చుని ఉంది. అమ్మతో చెప్పొద్దని పాపకి చాక్లెట్ కొనిచ్చారట.

పద్మజగారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. ఆయన లేచి వెళ్లి పక్కన నిలబడ్డారు, ముట్టుకునే ధైర్యం లేక.

ఆ సాయంత్రమే ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. పైపు ముక్క బండిలోనే ఉంటుంది, ఈసారి ఇద్దరికీ తెలిసి. దాంతో హైవే ఎక్కడం లేదు. నందిగామ బస్సులో వెళ్లాలి. ఆదివారాలు మార్కెట్ యార్డులో, సరుకు లేని వేళల్లో, నా పాత వంద సీసీ బండి మీద క్లచ్ వదలడం, గేరు తగ్గించడం, రెండు బ్రేకులూ కలిపి పట్టడం నేర్చుకోవాలి. అవి వచ్చాక తన బండి మీద. బాగా వచ్చిందనిపిస్తే ముక్కని కొంచెం కోసి పొట్టి చేస్తాను. అంటే స్లైడ్ మరికాస్త పైకి లేస్తుంది, మరికాస్త బలం వస్తుంది. కొయ్యాలా వద్దా అన్నది మాత్రం పద్మజగారు చెప్పాలి. ఆ షరతు పెట్టింది నేను కాదు, మురళిగారే.

ఆయన శిష్యరికం అంత గొప్పగా ఏమీ సాగలేదు. యార్డులో రెండుసార్లు పడ్డారు. ఒకసారి నా కాలి మీదే పడ్డారు. కుడిచెయ్యి మాట వినేది కాదు, ఏమరుపాటులో మొత్తం తిరిగిపోయేది. నిద్రలో కూడా ఆ మణికట్టు తిరుగుతోందని ఆవిడ ఒకరోజు చెప్పారు. తప్పు నేర్చుకున్న చేతికి మళ్లీ నేర్పడం ఎంత కష్టమో నాకప్పుడే తెలిసింది. వానాకాలం వెళ్లేసరికి ముక్క రెండుసార్లు పొట్టిదైంది.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం పొద్దున, ఆవిడ సరేనన్నాక, ముక్క పూర్తిగా తీసేశాను. మురళిగారు హెల్మెట్ పెట్టుకుని చిల్లకల్లు దాకా వెళ్లొస్తానని బయల్దేరారు. ఆవిడా నేనూ షెడ్డు ముందు నిలబడి ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నాం. తర్వాత చప్పుడు లేదు. వెళ్లి రావడానికి పట్టాల్సినంత సేపు పట్టింది, ఆ పైన ఇంకా గడిచింది. చిల్లకల్లు వైపు నుంచి ఒక ఆటో వేగంగా వచ్చింది. ఇద్దరం దాని లోపలికి తొంగి చూశాం. ఎవరో పెళ్లివాళ్లు. ఆవిడ నా మొహం చూడలేదు, నేనూ ఆవిడ మొహం చూడలేదు.

చివరికి వచ్చారు. సైకిలు తొక్కినంత నెమ్మదిగా. బండి ఆపి హెల్మెట్ తీస్తే జుట్టంతా తడిసి ఉంది.

"సగం కూడా తిప్పలేదు పద్మా. ఒకసారి కొంచెం రైజ్ ఇచ్చా, అంతే, గుండె జారిపోయింది. పక్కన ఆపేసి కూర్చున్నా. నాకు భయమేసింది."

ఇన్ని నెలల్లో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. పద్మజగారు కొంగు బొడ్లో దోపుకుని వెళ్లి బండి వెనక ఎక్కి కూర్చున్నారు. ఇంటికి పోదాం పదండి అన్నారు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి పెద్ద బండి మంచిదేనా అని ఈనాటికీ అడుగుతుంటారు. వద్దనే చెబుతాను. చిన్నదాంతో మొదలుపెట్టండి, చేతికి తెలివి వచ్చాక పెద్దదానికి రండి అంటాను. పదిమందిలో ఒకరు వింటే ఎక్కువ. మిగతావాళ్లు కొనేసి, మెరుస్తున్న బండి తెచ్చి నా ముందు ఆపుతారు. అప్పుడు సీసీ ఎంతని అడగను, మైలేజీ అడగను. ఈ బండి మిమ్మల్ని ఒక్కసారైనా భయపెట్టిందా అని అడుగుతాను. భయపెట్టిందండీ అన్నవాళ్ల బండి సర్వీసు చేసి పంపేస్తాను. భయమేంటి మేస్త్రీ అని నవ్వినవాళ్ల దగ్గర, వాళ్ల ఇంట్లోవాళ్ల ఫోను నంబరు కూడా తీసుకుంటాను.